గిటారు మెట్ల సంస్కారము



గిటారును ప్రతిదినము శ్రద్ధతో వాయించువారికి, కొన్న కొన్ని సంవత్సరముల పిదప, ఒక చిక్కు తప్పక ఎదురగును. క్రొత్త తంత్రులు వేసి, బిరడలు త్రిప్పి, శ్రుతి యెంత నిక్కముగా కుదిర్చినను, బిరడలవైపు తంత్రులు ఆను మేరువునకు దగ్గఱనున్న మొదటి మూడు నాలుగు మెట్లమీద వ్రేలు మోపునప్పటికి నాదము స్వచ్ఛముగా పలుకక జీరపోవుచు, స్వరము రవంత హెచ్చుగా వినవచ్చుచు, మూడు నాలుగు స్వరములను కలిపి మీటినచో అవి యొండొంటితో పొసగక పెనుగులాడుచుండును. తంత్రులు మంచివి కావని కొందఱు మరల తంత్రులు కొందురు. వాద్యమే పాడైనదని కొందఱు దానిని అటకమీదికి చేర్తురు. ఈ రెంటికిని పనిలేదు. ఏండ్లతరబడి ఉక్కుతంత్రుల యొరపిడికి ఆ మెట్ల శిరస్సులు, నిత్యము నడచు పొలముగట్టు అణగినట్లు, అణగి చదునైపోవుటయే ఆ దోషమునకు మూలము. దానిని ఇంటియందే, ఓర్పుగల చేతితో, ఒక చిన్న ఆకురాయి సాయమున దిద్దుకొనవచ్చును. ఆ ఆకురాయిని గూర్చియు, దానిని పట్టవలసిన తీరును గూర్చియు ఈ పూట మీకు విన్నవింపదలచితిని.

ఈ ప్రసంగము ముఖ్యముగా మహారాష్ట్రములోని చంద్రపురమునందును దాని చుట్టుపట్లను నివసించు తెలుగువారి నుద్దేశించినది. పూర్వము చాందా యని పిలువబడిన యీ పట్టణమునకును మన భాషకును గల సంబంధము నేటిది కాదు. నేడు ఈ జిల్లాలోనున్న రాజురా తాలూకా 1956లో రాష్ట్రముల పునర్విభజన జరుగువఱకు ఆదిలాబాదు జిల్లాలోనిదే. ప్రాణహిత గోదావరిలో కలియు చోటికి చేరువనున్న సిరొంచలో నేటికిని ఇంటింట తెలుగు వినబడును. బొగ్గుగనులును, బల్లార్‌పూరు కాగితపు మిల్లును, ఢిల్లీ మద్రాసు రైలుమార్గము మీది బల్లార్షా జంక్షనును ఎన్నో తెలుగు కుటుంబములను ఇచ్చటికి రప్పించినవి. ఆ కుటుంబములలోని పిల్లలు సినిమాపాటలకై కొందఱు, చర్చిలో ఆదివారపు పాటలకై కొందఱు గిటారు పట్టుచున్నారు. మెట్లపని తెలిసిన నిపుణుని వెదకికొనుచు సుమారు 150 కిలోమీటర్ల దూరమునగల నాగపురమునకో, అంతకు మిక్కిలి దూరమైన హైదరాబాదునకో వాద్యమును మోసికొనిపోయి, కూలి యిచ్చి, మరల పోయి తెచ్చుకొనుట సామాన్యకుటుంబమునకు భారమే యగును. కావుననే ఈ పని ఇంట నేర్వదగినదని నా నిశ్చితాభిప్రాయము.

మెట్టు చేయు పని యొక్కటే: తంత్రిని ఒక నియతబిందువువద్ద ఖండించుట. రెండవకొనను తంత్రులు ఆను గుఱ్ఱము మొదలు మెట్టువఱకు గల భాగమే గదా మ్రోగునది! ఆ భాగము ఎంత పొడవుండవలెనో గణితము నిర్ణయించియున్నది. మేరువునుండి గుఱ్ఱమువఱకు గల పొడవును 17.817తో భాగింపగా వచ్చినంత దూరమున మొదటి మెట్టును, మిగిలిన పొడవును మరల ఆ సంఖ్యతోనే భాగింపగా వచ్చినంత దూరమున రెండవ మెట్టును నిలుపుచు పోయినచో, పండ్రెండవ మెట్టు తంత్రిని సరిగా సగము చేయును; 648 మిల్లీమీటర్ల తంత్రిగల గిటారులో దానినుండి గుఱ్ఱమునకు 324 మిల్లీమీటర్లు మిగులును. ఈ లెక్కయంతయు మెట్టు శిరస్సు నడిమి రేఖను బట్టి వేసినది. మెట్టు వెడల్పు సామాన్యముగా 2 మొదలు 3 మిల్లీమీటర్లవఱకు ఉండును. శిరస్సు గుండ్రముగా నున్నంతకాలము తంత్రి ఆ నడిమి శిఖరముననే ఆనును. చదునైన పిదప గుఱ్ఱమువైపు అంచునకు జరిగి ఆనును. అట్లు ఒక్క మిల్లీమీటరు జరిగినను పండ్రెండవ మెట్టువద్ద స్వరము సుమారు 5 సెంట్లు హెచ్చును. అర్ధస్వరమునకు 100 సెంట్లు గావున ఇది స్వల్పమే యని తోచవచ్చును; ఒంటిస్వరమున చెవికి అందకపోవచ్చును గూడ; కాని మూడు నాలుగు స్వరములు ఏకకాలమున పలుకునప్పుడు ఆ స్వల్పమే సామరస్యమును చెఱచును.

ఇక జీర సంగతి. చదునైన తలముమీద తంత్రి ఒక్క బిందువున ఆనక, కంపించిన ప్రతిసారియు ఆ తలమును తాకుచు విడుచుచు పోవుటచేత ఆ ధ్వని పుట్టును. ఇచ్చట మహారాష్ట్రములోని ఒక మహాశిల్పమును స్మరింపక తప్పదు. సాంగ్లీ జిల్లాలోని మిరజులో, ఆయుధములకు పదునుపెట్టు శికల్‌గారు కుటుంబములవారు 19వ శతాబ్దమున సితారు తంబూరల నిర్మాణమునకు మరలి, కత్తులమీద నేర్చిన హస్తలాఘవమును వాద్యములమీద చూపిరి. వారు సితారు గుఱ్ఱము పైభాగమును ఆకురాయితో అతిసూక్ష్మముగా వాలుదీర్చి, తంత్రి ఆ వాలుమీద ఒరయుచు మ్రోగునట్లు చేయుదురు. జవారి యని వారు పిలుచునది ఇదియే. సితారు నాదమున వినవచ్చు ఆ గుంజారవమున కంతటికిని ఆ వాలే ఆధారము. గిటారు మెట్టు చదునైనప్పుడు జరుగునదియు భౌతికముగా అదియే. అయితే అచట కోరి తెచ్చుకొన్నది ఇచట కోరకయే వచ్చినది, అచట గుఱ్ఱముమీద నెలకొన్నది ఇచట మెట్టుమీద పొటమరించినది. ఒక్క ఒరపిడియే ఒకచోట నాదమునకు ప్రాణమై మఱొకచోట దోషమగుచున్నది. మిరజు సితారునకును తంబూరకును 2024లో భౌగోళిక గుర్తింపు లభించుట మనకందఱకును సంతోషదాయకమైన విషయము. గిటారు దిద్దుకొనగోరు యువకుడు అవకాశము కలిగినప్పుడు ఆ ఊరికి పోయి, ఆ పనివారు ఆకురాయిని ఎంత తేలికగా పట్టుదురో కన్నులార చూచి రావలెనని నా కోరిక.

మెట్లను గూర్చిన ఆలోచన మనకు క్రొత్తది కాదు. విజయనగరమున అళియ రామరాయల ప్రాపున రామామాత్యుడు 1550లో రచించిన స్వరమేళకళానిధిలో వీణకు మెట్లు ఎచ్చటెచ్చట నిలుపవలెనో సవిస్తరముగా చెప్పబడియున్నది. అచ్యుతరాయల పేర అచ్యుతరాజేంద్రమేళవీణ యను వీణాభేదమును అందు కలదు. గెలీలియో తండ్రియైన విన్సెంజో గెలీలీ, ఒక్కొక్క మెట్టునకు తంత్రిలో పదునెనిమిదవ వంతు వదలవలెనను సూత్రమును 1581లో ప్రకటించెను; నేటి 17.817 దానికి సంస్కరించిన రూపమే. రామామాత్యుని గ్రంథము దానికంటె ముప్పది యేండ్లు ముందటిది. పిమ్మట తంజావూరు రఘునాథనాయకుని కాలమున 24 మెట్లు స్థిరముగా నిలిపిన వీణ వెలసినది. ఈనాడు బొబ్బిలిలో పనసమ్రానితో చేయు వీణకును 24 కంచుమెట్లే. వానిని మసిపొడి కలిపిన మైనములో నిలిపి మేళము కట్టుదురు. ఎండలకు మైనము మెత్తబడి మెట్టు కదలినను, గమకములకు తంత్రిని లాగిలాగి మెట్టు గాడిపడినను, పనివాడు వచ్చి మేళమును సరిచేయుట వీణగల ఇండ్లలో వింతకాదు. వీణమెట్టునకు చేయు ఆ ఉపచారము గిటారు మెట్టునకు అక్కఱలేదని మనమెందుకు తలపవలెను?

భేదమెల్ల నిలిపిన తీరున నున్నది. వీణమెట్టు మైనముమీద నిలుచును. సితారు మెట్టు దారముతో కట్టబడి అటునిటు జరుగును. గిటారు మెట్టు, ఇంగ్లీషు టీ అక్షరము వంటి ఆకారముతో, కాలును మెడమీది పలకలోని సన్నని గాడిలో దిగగొట్టుకొని కదలకుండును. అమెరికాలో మార్టిన్ సంస్థవారు 1934లో గాని తమ గిటార్లలో కాలులేని బద్దమెట్లను విడిచి ఈ మెట్లను చేపట్టలేదు. వీనిలో అధికభాగము నికెల్ సిల్వరు అను లోహముతో చేయబడును. పేరున వెండి యున్నను లోహమున లేదు. అది రాగి, నికెలు, యశదముల మిశ్రమము. ఇది ఉక్కుతంత్రికంటె మెత్తన. అందుచేతనే అరుగును, అందుచేతనే ఆకురాయికి లొంగును. స్టెయిన్‌లెస్ ఉక్కుమెట్లు గల వాద్యమునకు మాత్రము సామాన్యపు ఆకురాయి త్వరగా అరిగిపోవును. వజ్రపు రజను పొదిగినది మేలు.

మెట్ల ఆకురాయి చూపునకు చిన్నది. దాని అంచు లోపలికి గుంటగా నుండి, మెట్టు శిరస్సుమీద ఎక్కించినప్పుడు ఆ గుంట రెండు ప్రక్కలను ఒక్కమారే ఒరసి, ఆ శిరస్సును తన ఆకారమునకు తెచ్చును. మెట్ల వెడల్పులనుబట్టి సన్నము, మధ్యమము, వెడల్పు అని గుంటలు వేఱువేఱుగా నుండును. మీ మెట్టు వెడల్పును కొలిచి దానికి తగినది కొనవలెను, ఏలయన వెడల్పు గుంటలో సన్నని మెట్టు పడినచో గుంట యడుగు శిఖరమునే కొఱికి మరల చదును చేయును. ఇది దొరకనిచో ముక్కోణపు సన్నని ఆకురాయి చాలును. చంద్రపురము బజారులోని ఇనుపసామాను దుకాణమున కానస యని అడిగిన ఇత్తురు. అయితే దాని మూడు అంచుల పండ్లను సానమీద పట్టి నునుపు చేయింపనిదే వాద్యముదగ్గఱకు తేరాదు. లేనిచో ప్రతి వ్రేటునకును పలకమీద ఒక గీత పడును. ఈ ముక్కోణపు ఆకురాయి మెట్టునకు ఒక్కొక్క ప్రక్కనే ఒరయును గావున శ్రమ హెచ్చు, చేతికి అదుపు నేర్పుట గూడ హెచ్చు. వృత్తిపనివారిలో పెక్కురు దీనినే మెచ్చుకొందురు.

పని మొదలిడకముందు ఒక హెచ్చరిక. శిఖరము దిద్దుట రెండవ పని. సమతలము చేయుట మొదటి పని. మెట్లన్నియు ఒక్క ఎత్తున లేనప్పుడు ఒక్కదానికే శిఖరము దిద్దినంత మాత్రమున జీర పోదు; ప్రక్కమెట్టు ఎత్తుగా నుండి తంత్రి దానికి తగులుచునే యుండును. కావున తంత్రులను తీసివేసి, మెడలోని ఉక్కుకడ్డీని అలెన్ తాళపుచెవితో ఒక్కొక్కసారి పావుచుట్టునకు మించకుండ త్రిప్పుచు మెడను నిటారుగా తెచ్చుకొనుడు. పిదప మెట్లన్నింటి నెత్తిన మార్కరుతో సిరా పూసి, నిక్కమైన సమతలము గల బద్దకు ఉప్పుకాగితము అంటించి, బరువు మోపక, మెడ పొడవున నడుపుడు. ఆ బద్దకై దూరము పోనక్కఱలేదు. అల్లాపల్లి అడవుల టేకు ప్రసిద్ధము. బల్లార్షా కలపడిపోలు ఎఱుగనివారు లేరు. ఎండవానలకు మిక్కిలి తక్కువగా మాఱు ఆ టేకుముక్కను వడ్రంగిచేత చిత్రికపట్టించి, దానిక్రింద మందపు గాజుబద్ద నతికించినచో, వెలగల పనిముట్లకు తీసిపోని బద్ద సిద్ధమగును. ప్రతి మెట్టు నెత్తినను సిరా కొంతయైన చెరిగినదా, ఆపివేయుడు. అంతకుమించి తీసిన లోహము మరల రాదు.

ఇప్పుడు మెట్లన్నియు సమముగా నున్నవి గాని అన్నియు చదునుగా నున్నవి. శిఖరపు పని ఇచ్చట మొదలగును. మెట్టునకు మెట్టునకు నడుమ పలకమీద మాస్కింగు టేపు అంటించుడు. విద్యుద్గిటారు అయినచో పికప్పులను గూడ పూర్తిగా కప్పుడు, ఏలయన ఆకురాయి రాల్చు లోహపు రజను వానిలో చేరరాదు. ముక్కునకు గుడ్డ కట్టుకొనుడు. లోహపు దుమ్మును పీల్చుట మంచిది కాదు. మరల ప్రతి మెట్టు నెత్తిన సిరా పూయుడు. ఈ రెండవ సిరాయే ఈ పనికంతటికిని మార్గదర్శి. ఆకురాయిని మెట్టుమీద ఎక్కించి, మెడకు అడ్డముగా, మెట్టు పొడవున, ఒక కొననుండి మఱొక కొనవఱకు, ఆగకుండ, తేలికగా నడుపుడు. పండ్లుగల ఆకురాయి ముందునకు పోవునప్పుడే కోయును. వెనుకకు తెచ్చునప్పుడు ఎత్తి తెచ్చుట మంచిది. వజ్రపుది రెండు దిక్కులను కోయును. చేయి బరువెక్కినచో ఆకురాయి దడదడలాడుచు మెట్టుమీద అలలవంటి గుర్తులు వేయును. ఆ గుర్తులను పోగొట్టుటకు మరల లోహము ఖర్చగును. కావున బలము చూపుటకిది తావు కాదు. ఆకురాయి తన బరువుతో తాను పనిచేయవలెను.

కొన్ని పోకలు అయిన పిదప వంగి, వెలుతురు ప్రక్కనుండి పడునట్లు చూడుడు. సిరా రెండు ప్రక్కలనుండి నడిమికి తగ్గుచు వచ్చుచుండును. మొదట పట్టెగా నుండినది దారమగును, దారమైనది వెండ్రుకంత యగును. ఆ వెండ్రుకంత రేఖ కొననుండి కొనవఱకు ఎడతెగక మిగిలియున్నప్పుడు చేయి ఆపుడు. ఇంకొక్క పోక, ఇంకొక్క పోక యని ఆశపడి ఆ రేఖనుగూడ చెఱిపినవారి మెట్టు ప్రక్కవానికంటె పొట్టిదగును. అప్పుడు తంత్రి ప్రక్కమెట్టునకు తగిలి, పోగొట్టదలచిన జీర మరల వచ్చును. మరల సమతలము, మరల శిఖరము, అన్ని మెట్లకును మొదటినుండి చేయవలసి వచ్చును. నడిమిరేఖను ముట్టకుండ ప్రక్కలను మాత్రమే తీయుట, ఇంతే ఈ విద్యలోని సారము. తక్కినదంతయు అలవాటు. ఒక్కొక్క మెట్టునకు తొందరపడక కాలమిచ్చి, ఇరువది మెట్లను ఒకే పూటలో ముగింపవలెనను పంతము విడుచుట మేలు. అలసిన చేయి తప్పక బరువెక్కును.

తరువాతి మెఱుగుపని సులభము గాని విసుగైనది. 400 నంబరు ఉప్పుకాగితముతో మొదలిడి 600, 1000, 2000 నంబర్లవఱకు పోవుచు, ఒక్కొక్క కాగితముతోను ముందటి కాగితపు గీతలు మాయమగువఱకు రుద్దవలెను. చివర ఇత్తడిసామానుల మెఱుగుమందుతో తుడిచినచో మెట్టు అద్దమువలె నగును. ఈ విసుగునకు ఓర్వనివారికి తంత్రిని ప్రక్కకు లాగినపుడు గరుకుతనము వ్రేలికి తెలియును.

ఋతువును గూర్చి చెప్పక ఈ ప్రసంగము ముగింపరాదు. చంద్రపురవాసులకు ఇది అన్నింటికంటె ముఖ్యము. వైశాఖజ్యేష్ఠములలో ఈ పట్టణమున ఎండ 47 డిగ్రీల నంటుట కలదు. ఆ పొడిగాలికి పలక కుంచించుకొనును. లోహము కుంచించుకొనదు. కావున మెట్ల కొనలు బయటికి పొడుచుకొనివచ్చి అరచేతిని గీరును. వానలు పడిన పిదప అదే పలక తేమను పీల్చి ఉబ్బును, మెడ వంపు మాఱును. నడివేసవిలో సమతలము చేసిన మెట్లు శ్రావణమునకు సమతలముగా నుండవు. దసరా దాటి, వానతేమ తగ్గి, చలి ముదురకముందు, అనగా కార్తీకమార్గశీర్షములలో, వాద్యమును ఇంటిలోపలనే కొన్నినాళ్లుంచి ఆ పిదప ఈ పని చేయుట ఉత్తమము. వేసవిలో వాద్యమును గోడకు వ్రేలాడదీయక పెట్టెలో నుంచుడు.

క్రొత్తగా నేర్చువారు తమ మంచి వాద్యముమీద మొదటిపోక వేయరాదు. విఱిగిపోయిన గిటారు మెడ యేదైన దొరికినచో దానిమీదను, దొరకనిచో మెట్లతీగముక్కను కట్టెలో దిగగొట్టి దానిమీదను చేయి తిప్పుకొనుడు. చేయి కుదిరిన పిదప మీ వాద్యముతో ఆగక, మీ వీధిలోని పిల్లవాని గిటారును, మీ బడిలోనో చర్చిలోనో మూలబడియున్న గిటారును గూడ దిద్ది యిండు. ఈ పని తెలిసినవాడు కాలనీకి ఒక్కడున్నను, పెక్కు వాద్యములు అటకలమీదినుండి దిగును.

మెట్టు ఎత్తు సామాన్యముగా ఒక మిల్లీమీటరునకు ఇటునటు ఉండును. కాబట్టి ఒక మెట్టు తన ఆయువులో ఇట్టి సంస్కారమును రెండు మూడు మార్లకు మించి ఓర్వలేదు. వ్రేలు పలకకు తగులుచు తంత్రి పట్టు తప్పునంతగా మెట్టు పొట్టియైనప్పుడు ఆకురాయిని ప్రక్కనబెట్టి, నిపుణునిచేత క్రొత్తమెట్లు వేయించుడు.